మనుషులను అడిగి తెలుసుకునే శాస్త్రం

(గుణాత్మక పరిశోధన – మన ప్రాంతం ఉదాహరణలతో ఒక పరిచయం)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. సమాజశాస్త్రం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు మొదట ఒక కవిత రాద్దామనుకున్నాను. కానీ కవితలు మీరే బాగా రాస్తున్నారు. నేను చదివిన చదువులోంచి ఒక పాఠం రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. ఇదే హాస్టల్‌లో రేకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడినవాణ్ణే కాబట్టి, నిద్ర రాకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. ఎం.ఏ.లో చేరినప్పుడు మా నాయిన "ఏం చదువురా అది?" అని అడిగాడు. "మనుషుల గురించి" అన్నాను. ఆయన నవ్వి, "మనుషుల గురించి చదువుడేంది? మేం రోజూ చూస్తలేమా?" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రెండేళ్లు చదివాక ఇప్పుడు కొంత చెప్పగలను. ఈ వ్యాసం ఆ జవాబే.

రెండు రకాల ప్రశ్నలు

మన ఊరికి ఒక కొత్త యంత్రం వచ్చిందనుకోండి. ట్రాక్టరు కావచ్చు, బోరు మోటారు కావచ్చు, సెల్‌ఫోను కావచ్చు, రేషన్ షాపులో వేలిముద్ర మిషను కావచ్చు. దాని గురించి రెండు రకాల ప్రశ్నలు అడగవచ్చు.

మొదటి రకం: అది ఎంతమంది దగ్గర ఉంది? దాని ఖరీదు ఎంత? దాని వల్ల ఎంత సమయం, ఎంత డబ్బు మిగిలింది? వీటికి జవాబులు అంకెల్లో వస్తాయి. ఇలాంటి ప్రశ్నలతో చేసే పరిశోధనను పరిమాణాత్మక పరిశోధన అంటారు.

రెండో రకం: అది వచ్చాక ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది? ఎవరి చేతిలో పని పోయింది? దాన్ని ఎవరు ముట్టుకుంటారు, ఎవరు ముట్టుకోరు? ముట్టుకోనివాళ్లు ఏమనుకుంటున్నారు? వీటికి జవాబులు మాటల్లో, కథల్లో, ఒక్కోసారి మౌనంలో వస్తాయి. ఈ పరిశోధనే గుణాత్మక పరిశోధన. మనుషులు తమ జీవితంలో జరిగిన దాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో, వాళ్ల మాటల్లోనే తెలుసుకుని, క్రమపద్ధతిలో విడమరచి చెప్పడం దీని పని.

చాలామంది దీన్ని లెక్కలు రానివాళ్లు చేసే పరిశోధన అనుకుంటారు. అది తప్పు. అట్లాగే అంకెలతో పని లేదనుకోవడమూ తప్పే. ఒక ఉదాహరణ చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతి పెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దాన్ని 157 మండలాల్లో, దాదాపు 1 కోటి 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో పరిశీలించారు. ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలి, ఎక్కడ తర్వాత అనేది లాటరీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి రెంటినీ పోల్చి చూడడం వీలైంది. 2016లో అచ్చయిన ఆ పరిశోధన ఏం చెప్పిందంటే – డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది, ఎక్కువమంది కూలీలు కొత్త పద్ధతినే కోరుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఇది అంకెలు లేకుండా తెలిసేది కూడా కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. మా నాయనమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి రేషన్ తెచ్చే పని ఆమెదే. సంచి మడిచి చంకలో పెట్టుకుని పొద్దున్నే పోయేది. లైన్లో నిలబడిన నలుగురితో మాట్లాడి, ఊరి ముచ్చట్లన్నీ మోసుకొచ్చేది. వేలిముద్ర మిషను వచ్చాక ఆమె వేలు పడలేదు. కలుపు తీసీ తీసీ, గడ్డి కోసీ కోసీ గీతలు అరిగిపోయాయి. గుడ్డతో తుడిచి పెట్టింది, రెండో చెయ్యి పెట్టింది, పడలేదు. మరుసటి రోజు మా అమ్మ పోయి వేలు పెడితే బియ్యం వచ్చాయి. అప్పటి నుంచి మా అమ్మే పోతోంది.

లెక్కలో చూస్తే ఈ ఇంట్లో ఏ సమస్యా లేదు. కార్డు ఉంది, బియ్యం అందుతున్నాయి. "రేషన్ అందుతోందా?" అని అడిగితే మేమందరం అవునంటాం, అది నిజమే. కానీ నాయనమ్మ ఆ రోజు తర్వాత రేషన్ షాపు వైపు పోవడం మానేసింది. "నా వేలు సచ్చిపోయిందంట బిడ్డా" అంటుంది. ఇంట్లో ఒక పెద్దమనిషి పెద్దరికం ఒక పూటలో పోయింది. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.

అంకె తప్పు చెప్పలేదని గమనించండి. దాన్ని అడిగింది ఒకటి, ఇక్కడ జరిగింది ఇంకొకటి. ఆ ఇంకొకదాన్ని తెలుసుకోవడానికి ఎవరో ఒకరు వచ్చి నాయనమ్మ పక్కన కూర్చోవాలి.

పుస్తకాల్లోకి ఎక్కిన ఊళ్లు

ఇట్లా ఊళ్లోకి పోయి, అక్కడే ఉండి, చూసి, అడిగి రాయడం మన దగ్గర కొత్త కాదు. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు వెళ్లింది. వాళ్లలో ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం 1955లో వచ్చింది. మన దేశంలో ఒక గ్రామాన్ని సమగ్రంగా వివరించిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. కులాలు, పండుగలు, సేద్యం, ఊరిలో వస్తున్న మార్పులు అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచంలోని సమాజశాస్త్ర విద్యార్థులు ఒక తెలంగాణ ఊరిని పాఠంగా చదివారన్న మాట.

ఎం.ఎన్. శ్రీనివాస్ కథ ఇంకొకటి. ఆయన 1948లో మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఉండి నోట్సు రాసుకున్నాడు. ఏళ్ల తరబడి వాటిని సరిచేసి పెట్టుకున్నాడు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలో ఆయన పనిచేస్తున్న చోట మంటలు లేచి ఆ ప్రతులు కాలిపోయాయి. అయినా వదలకుండా జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో 'ది రిమెంబర్డ్ విలేజ్' పేరుతో వచ్చింది. పరీక్షకు ముందు నోట్సు పోయిందని ఏడ్చే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఆ రోజుల్లో అడిగేవాళ్లు ఒకరు, జవాబు చెప్పేవాళ్లు ఇంకొకరు. అడిగేవాళ్లు పట్నం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు. చెప్పేవాళ్లు మన తాతల వంటివాళ్లు. చెప్పినవాళ్ల పేరు పుస్తకం అట్ట మీద ఉండదు. ఈ వరుసను తిరగేసిన చోటు మనకు చాలా దగ్గర్లో ఉంది. నాకు ఆ సంగతి ఇక్కడ చదివేటప్పుడు తెలియదు. విశ్వవిద్యాలయం లైబ్రరీలో తెలిసింది.

పస్తాపూర్, మాచునూర్: కెమెరా పట్టిన చేతులు

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉందని మీలో చాలామందికి తెలుసు. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర బండ్లను చూసి ఉంటారు. 1983లో మొదలైన ఈ సంస్థ చుట్టుపక్కల ఊళ్లలో పేద స్త్రీలతో, ఎక్కువగా దళిత స్త్రీలతో సంఘాలు కట్టింది. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది వంటి పంటల్ని, విత్తనాల్ని కాపాడింది ఈ సంఘాలే. దాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

పరిశోధన విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్నది వాళ్ల వ్యవసాయం ఒక్కటే కాదు, వాళ్లు యంత్రాలతో వ్యవహరించిన తీరు కూడా. 1990లలోనే సంఘం స్త్రీలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. కెమెరా పాఠాల్లో 'లో యాంగిల్', 'హై యాంగిల్', 'ఐ లెవెల్' అనే మాటలు ఉంటాయి. ఈ మాటల్ని వాళ్లు బట్టీ పట్టలేదు. తమకు తెలిసిన జీవితంలోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్', ఎందుకంటే పటేలు మనల్ని అట్లాగే చూస్తాడు. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్, ఎందుకంటే జీతానికి ఉన్నవాడు యజమానిని అట్లా చూడాలి. కంటికి కన్ను సమానంగా ఉండేది 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద ఒకే తీరుగా కూర్చుంటారు.

తమ్ముళ్లూ, ఈ ఒక్క ఉదాహరణ నాకు ఒక సెమిస్టరు పాఠం చెప్పింది. టెక్నాలజీ అంటే కంపెనీ డబ్బాలో పెట్టి పంపిన వస్తువు ఒక్కటే కాదు. అది ఊళ్లోకి వచ్చాక ఊరి కులం, ఊరి గడీ, ఊరి బాధ, ఊరి తెలివి అన్నీ దాన్ని తాకుతాయి. "ఎంతమంది స్త్రీలకు కెమెరా శిక్షణ ఇచ్చారు?" అనే ప్రశ్నకు ఒక అంకె వస్తుంది. "కెమెరా మీకు ఎట్లా అనిపించింది?" అని అడిగితేనే పటేల్ షాట్ బయటపడుతుంది.

రేడియో కథ కూడా ఇటువంటిదే. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. మాచునూర్‌లో యునెస్కో సహాయంతో 1998లోనే స్టూడియో కట్టారు. కానీ ప్రసారానికి అనుమతి లేదు. స్త్రీలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించేవారు. పదేళ్లు ఎదురుచూశారు. 2006లో కేంద్రం కమ్యూనిటీ రేడియో విధానం ప్రకటించాక, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదే ప్రారంభోత్సవం జరిగింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపిన స్త్రీలుగా దేశమంతా పేరు పొందారు. ఆ రేడియోలో మాట్లాడేది మన యాస. మన తల్లులు మాట్లాడే తెలుగు రేడియోకు పనికొస్తుందని రుజువు చేసింది ఈ ప్రాంతమే.

అల్గోల్ ప్రజాతీర్పు

ఇప్పుడు అసలైన పరిశోధన ఉదాహరణకు వద్దాం. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' అనే పత్రం విడుదల చేసింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని, యంత్రాలు, కొత్త రకం విత్తనాలు, కాంట్రాక్టు సేద్యం పెంచాలని అందులోని ఆలోచన. ఆ మిగిలిన 30 శాతంలో ఎవరుంటారు? మన అమ్మానాన్నలే ఉంటారు. వాళ్లను ఎవరైనా అడిగారా?

అడగడానికి ఒక ప్రయత్నం జరిగింది. 2001 జూన్ 25 నుంచి జూలై 1 వరకు జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' అనే కార్యక్రమం పెట్టారు. మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ అనే పరిశోధకులు, ఇక్కడి సంస్థలతో కలిసి దీన్ని నిర్వహించారు. కోర్టులో జ్యూరీ ఉన్నట్టు ఇక్కడ చిన్న, సన్నకారు రైతులు, చిన్న వ్యాపారులు వంటి వాళ్లతో ఒక జ్యూరీని కూర్చారు. వాళ్లలో దళితులు, ఆదివాసీలు ఎక్కువ. మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు.

జ్యూరీ ముందు మూడు భవిష్యత్తులను వీడియోల రూపంలో పెట్టారు. ఒకటి విజన్ 2020 దారి. రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ సేద్యం. మూడోది ఊరు తన తిండి తానే పండించుకుని తన కాళ్ల మీద నిలబడే దారి. తర్వాత అధికారులు, కంపెనీ ప్రతినిధులు, విశ్వవిద్యాలయం వాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు సాక్షులుగా వచ్చారు. రైతులు వాళ్లను ప్రశ్నలు అడిగారు. ఇక్కడే వరుస తిరగబడింది. అంతకుముందు పెద్దలు అడిగితే రైతులు చెప్పేవారు. అల్గోల్‌లో రైతులు అడిగితే పెద్దలు చెప్పారు. మొత్తం వ్యవహారం పక్షపాతం లేకుండా జరుగుతోందా అని చూడడానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తితో కూడిన పరిశీలన బృందం ఉంది. జరిగినదంతా వీడియో తీశారు.

తీర్పు ఏమిటి? నేలను, పంటల వైవిధ్యాన్ని, తమ తెలివిని, తమ సంఘాలను కాపాడుకుంటూ స్వయంపోషకంగా బతకడం కావాలన్నారు. జనాన్ని భూమి నుంచి తగ్గించడాన్ని, భూములు కొద్దిమంది చేతుల్లోకి పోవడాన్ని, కాంట్రాక్టు సేద్యాన్ని, కూలి పోగొట్టే యంత్రాలను, జన్యుమార్పిడి పంటలను వద్దన్నారు.

2002లో నివేదిక అచ్చయ్యాక వివాదం రేగింది. ఇక్కడి ప్రభుత్వానికి పెద్ద ఎత్తున సహాయం చేస్తున్న బ్రిటన్ అభివృద్ధి సహాయ శాఖ అభ్యంతరం చెప్పింది. ఈ కొద్దిమంది రాష్ట్రమంతటికీ ప్రతినిధులెట్లా అవుతారన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న.

ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. గుణాత్మక పరిశోధన చేసే ప్రతి ఒక్కరూ దానికి జవాబు చెప్పుకోవాలి. నా జవాబు ఇది: ఎంత శాతం రైతులు విజన్ 2020ని వద్దంటున్నారో అల్గోల్ జ్యూరీ చెప్పలేదు, అది చెప్పడం దాని పనీ కాదు. అన్ని వాదనలూ విని, ప్రశ్నించి, ఆలోచించుకునే అవకాశం ఇస్తే పేద రైతులు ఏ కారణాలతో ఏ నిర్ణయానికి వస్తారో అది చెప్పింది. ఇది వేరే ప్రశ్న, వేరే జవాబు. ఇందులో మాత్రం కొన్ని నియమాలు తప్పనిసరి: ఎవరిని ఎంచుకున్నాం, ఎందుకు ఎంచుకున్నాం, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు మాట్లాడారు – అన్నీ దాచకుండా చెప్పాలి. అప్పుడే చదివేవాడు ఎంత నమ్మాలో తాను నిర్ణయించుకోగలడు.

వరంగల్ పత్తి: అందరూ కొన్నారు, ఎందుకు?

ఇంకొక్క ఉదాహరణ. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మన జహీరాబాద్ సంఘం స్త్రీలు కెమెరా తీసుకుని వరంగల్ జిల్లాకు పోయారు. ఆ సీజన్‌లో నెల నెలా అవే చేలకు, అదే రైతుల దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లారు. ఒక్కరోజు వెళ్లి వస్తే మొలకలు కనిపిస్తాయి. సీజన్ మొత్తం తిరిగితే అప్పు, పురుగు, ఆశ, నిరాశ కూడా కనిపిస్తాయి. 2003లో వచ్చిన ఆ సినిమా వరంగల్ రైతుల కోపానికి కారణాలు వాళ్ల నోటితోనే చెప్పించింది.

తర్వాతి ఏళ్లలో బీటీ విత్తనాలు వేగంగా వ్యాపించాయి. అంకెలు చూసినవాళ్లు "రైతులు చూసి, బాగుందని తేల్చుకుని కొంటున్నారు" అన్నారు. గ్లెన్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, 2007లో వేరే సంగతి చెప్పాడు. ఒక ఊళ్లో ఒక ఏడాది అందరూ ఒక బ్రాండు కొంటారు, మరుసటి ఏడాది ఇంకో బ్రాండు మీద పడతారు. ఎందుకని అడిగితే పక్కవాళ్లు వేశారు కాబట్టి అంటారు. విత్తనాల పేర్లు అంత తొందరగా మారిపోతుంటే, కొంచెం వేసి చూసి నేర్చుకునే పాత అలవాటుకు సమయమే దొరకడం లేదు. దీన్ని ఆయన రైతు నైపుణ్యం పోవడం అన్నాడు. ఆయన అంకెలూ వాడాడు, మాటలూ విన్నాడు. ఎందరు కొన్నారో అంకె చెప్పింది. కొనడం అంటే నమ్మడం కాదని మనుషులు చెప్పారు.

ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒకే పంట మీద జరిగాయి. ఒకటి మన స్త్రీలు చేశారు, ఇంకొకటి విదేశీ పండితుడు చేశాడు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే: మళ్లీ మళ్లీ పోవడం, ఎందుకని అడగడం, వినడం.

నేను చేసిన తప్పు

ఇదంతా చదివి నాకు వచ్చేసిందనుకున్నాను. ఎం.ఏ. మొదటి ఏడాది మా సార్ ఒక చిన్న అభ్యాసం ఇచ్చారు: సెల్‌ఫోను వచ్చాక ఊళ్లో స్త్రీల అనుభవాలు తెలుసుకుని రండి అని. నేను 20 ప్రశ్నలు టైపు చేయించుకుని మా ఊరికే పోయాను. ప్యాంటూ షర్టూ, చేతిలో అట్ట, జేబులో పెన్ను.

మొదట మా పెద్దమ్మ వరస అయ్యే ఆమె దగ్గరికి పోయాను. ఆమె చాట పక్కన పెట్టి, కుర్చీ తెచ్చి వేసింది. తాను గడప మీద కూర్చుంది. "పెద్దమ్మా, నీకు ఫోను వాడుడు వచ్చా?" అన్నాను. "నాకెక్కడొస్తది బిడ్డా" అంది. 'రాదు' అని టిక్కు పెట్టాను. తర్వాతి ప్రశ్నలన్నీ వాడేవాళ్లకే కాబట్టి పది నిమిషాల్లో పని అయిపోయింది.

రాత్రి అన్నం తినేటప్పుడు ఆమె మా ఇంటికొచ్చింది. కొంగు ముడిలోంచి ఫోను తీసింది. తెర మీద పేర్లు లేవు, బొమ్మలున్నాయి. బిడ్డకు పువ్వు బొమ్మ, తమ్మునికి ఎద్దు బొమ్మ. మనవడితో పెట్టించుకుందట. పువ్వు మీద నొక్కి, మైకు గుర్తు పట్టుకుని, పటాన్‌చెరులో ఉన్న బిడ్డతో రెండు నిమిషాలు మాట్లాడి పంపించింది. జవాబు వచ్చాక చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

నేను నోరు తెరిచి, "పొద్దున రాదంటివి కదా పెద్దమ్మా" అన్నాను. "నువ్వు కాయిదం పట్టుకుని అడుగుతుంటే చదువుకున్నోళ్ల ఫోను గురించి అనుకున్న. ఇంగ్లీషుల రాసుడు నాకొస్తదా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కుర్చీ మీద, ఆమె గడప మీద. నేను అడిగింది పరీక్ష లాగా ఉంది, ఆమె ఫెయిలైనట్టు ఒప్పుకుంది. నా సొంత పెద్దమ్మను నేను పటేల్ షాట్‌లో చూశాను. పొద్దున రాసుకున్న కాగితం ప్రకారం ఆమె ఫోను రాని మనిషి. నిజానికి అక్షరం లేకుండా ఫోనును తనకు తగ్గట్టు మలుచుకున్న మనిషి. పుట్టిన వాడలోనే నేను ఇట్లా పొరబడితే, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు మన గురించి రాసిన కాగితాల్లో ఎన్ని 'రాదు'లు ఉన్నాయో!

మరునాడు అట్ట ఇంట్లో పెట్టి పోయాను. చాప మీద కూర్చుని ఆమెతో పాటు చింతపండు గింజలు తీస్తూ ఒక్కటే అడిగాను: "ఈ ఫోను నీ చేతికి ఎట్ల వచ్చింది పెద్దమ్మా, మొదటి నుంచి చెప్పు." గంటన్నర చెప్పింది.

ఎట్లా చేయాలి?

నేను నేర్చుకున్న నియమాలు వరుసగా రాస్తున్నాను. పరీక్షకు కాదు, పనికి.

1. ఒక ప్రశ్న తేల్చుకోండి. "టెక్నాలజీ – సమాజం" అనేది ప్రశ్న కాదు. "చెరకు నరికే మిషను వచ్చాక నరికే కూలీలు ఏం చేస్తున్నారు?" అనేది ప్రశ్న.

2. ఎవరిని అడగాలో ఆలోచించండి. హోటల్ కాడ చాయ్ తాగుతూ దొరికినవాళ్లను అడిగితే ఊరు చెప్పినట్టు కాదు. హోటల్‌కు రానివాళ్లు ఎవరు? స్త్రీలు, ముసలివాళ్లు, వలస పోయినవాళ్లు, వాడ చివరి ఇంటివాళ్లు. వాళ్లను వెతుక్కుంటూ పోవాలి.

3. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలతో మొదలుపెట్టకండి. "ఎట్లా జరిగింది?", "ఆ రోజు ఏమైంది?", "తర్వాత?" – ఇవి మంచి ప్రశ్నలు. అడిగాక ఊరుకోండి. అవతలి మనిషి ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. చాలాసార్లు అసలు మాట ఆ ఆగిన తర్వాతే వస్తుంది.

4. మాటను మాటగానే రాసుకోండి. ఒకామె "మిషను ముందర నిలబడితే గావర అయితది" అంటే, దాన్ని మీరు "భయపడుతుంది" అని రాస్తే సగం పోయింది. గావరలో తొందర ఉంది, వెనక లైన్లో ఉన్నవాళ్లు చూస్తున్నారన్న సిగ్గు ఉంది.

5. మాటను, పనిని పోల్చి చూడండి. మా పెద్దమ్మ పొద్దున చెప్పింది ఒకటి, రాత్రి చేసింది ఒకటి. అబద్ధం చెప్పిందని కాదు, నేను తప్పు అడిగానని. అందుకే అడగడంతో పాటు చూడడం, మళ్లీ పోవడం అవసరం.

6. రాసుకున్నవి మళ్లీ మళ్లీ చదివి, ఒకే తీరు మాటలకు పక్కన ఒక పేరు పెట్టండి. 'సిగ్గు', 'ఖర్చు', 'మనవడి సాయం' ఇట్లా. దీన్నే కోడింగ్ అంటారు. ఈ పేర్ల మధ్య సంబంధం వెతకండి. మీ అభిప్రాయానికి అడ్డం వచ్చే మాటలను దాచకండి, వాటినే ముందు చూడండి. కొత్త మనిషి దగ్గరికి పోయినా పాత మాటలే వస్తున్నాయంటే, అప్పటికి చాలని అర్థం.

7. అనుమతి అడగండి. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ రాస్తారో చెప్పండి. వద్దంటే నమస్కారం పెట్టి లేవండి. పేరు మార్చడం ఒక్కటే చాలదు. మన ఊళ్లలో "పింఛను ఆగిపోయిన ఫలానా గల్లీ ఆమె" అంటే పేరు లేకున్నా అందరికీ తెలుస్తుంది. మీ రాతతో ఆమెకు రేపు మాట పడకూడదు.

8. మీరెవరో మరిచిపోకండి. మీ కులం, మీ చదువు, మీరు కూర్చున్న చోటు – ఇవన్నీ వాళ్ల జవాబును మారుస్తాయి. దొర ఇంట్లో చెప్పే మాట, వాడలో చెప్పే మాట ఒకటి కావు. మనకు వాడలో తలుపులు తెరుచుకుంటాయి, అది మన బలం. అన్నీ మనకు ముందే తెలుసనుకుంటాం, అది మన బలహీనత.

మీకు ఒక పని

వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్క యంత్రం గురించి అడగండి. ఊరికి మొదటి ట్రాక్టరు వచ్చిన రోజు, మొదటి బోరు పడిన రోజు, ఇంట్లో కరెంటు వెలిగిన రోజు, మొదటిసారి ఫోనులో కొడుకు గొంతు విన్న రోజు. అప్పుడు ఎవరు సంతోషపడ్డారు, ఎవరి పని పోయింది, ఎవరిని ముట్టుకోనివ్వలేదు అని అడగండి. వాళ్ల మాటల్లోనే రెండు పేజీలు రాయండి. 2016 అక్టోబరులో మన మొగుడంపల్లి మండలమైంది. దాని చరిత్ర ఆఫీసు కాగితాల్లో కొంత ఉంటుంది. మిగిలింది మీ ఇళ్లల్లో ఉంది. ఆ పేజీలను వచ్చే ఏడాది ఈ సంచికలోనే అచ్చు వేయమని వార్డెన్ సార్‌ను అడుగుదాం.

మనం చిన్నప్పటి నుంచి ఫారాలు నింపినవాళ్లం. కులం, ఆదాయం, తండ్రి వృత్తి, ఆధార్ నంబరు. హాస్టల్ సీటు నుంచి స్కాలర్‌షిప్ దాకా మనల్ని ఎవరో అడిగారు, మనం గడుల్లో జవాబు రాశాం. ఆ ఫారాలు లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు, వాటిని నేను తప్పు పట్టను. కానీ అడిగే వంతు కూడా మనకు వస్తుంది. వచ్చిన రోజు కుర్చీ వేస్తామంటే వద్దని, చాప మీద కూర్చోవడం గుర్తుంచుకుందాం.

మా నాయిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. "మేం రోజూ చూస్తలేమా?" అన్నాడు కదా. నిజమే నాయినా, నువ్వు రోజూ చూస్తున్నావు. కానీ నువ్వు ఏం చూశావో ఇంతవరకు నిన్ను ఎవరూ అడగలేదు. నేను చదివింది ఆ అడగడమే.